విత్తన గదిలో గండుపిల్లి మూత్రపు వాసన: కారణం, పరిష్కారం

ప్రశ్న: ఎలుకల బెడద పడలేక విత్తన శెనక్కాయ మూటలున్న గదిలో మగపిల్లిని పెంచుతున్నాము. వయసు 9 నెలలు. కొద్ది వారాలుగా గోడల మీద, మూటల మీద మూత్రం చిమ్ముతోంది. ఫినాయిల్ వేసి కడిగినా వాసన పోవడం లేదు. పిల్లికి విత్తులు (వృషణాలు) తీయిస్తే ఎలుకలు పట్టడం మానేస్తుందంటున్నారు, నిజమేనా?
– ఒక రైతు, దువ్వూరు మండలం, కడప జిల్లా

జవాబు: మీరు చెప్పిన వయసును, చిమ్మే తీరును బట్టి ఇది వ్యాధిగా కాక, పిల్లి ఈడుకు వచ్చిన లక్షణంగానే కనిపిస్తోంది. మగపిల్లులు సాధారణంగా 6 నుంచి 9 నెలల మధ్య ఈడుకు వస్తాయి. అప్పటి నుంచి టెస్టోస్టిరాన్ హార్మోను ప్రభావంతో ఫెలినిన్ అనే గంధకంతో కూడిన అమైనో ఆమ్లం మూత్రంలో ఎక్కువగా చేరుతుంది. అది బయట పడ్డాక క్రమంగా విడిపోతూ ఘాటైన గంధక పదార్థాలను వదులుతుంది కాబట్టి, పాత మరక కూడా చాలా రోజులు కంపు కొడుతూనే ఉంటుంది. తోక పైకెత్తి గోడకు చిమ్మడం తన హద్దును తోటి పిల్లులకు తెలిపే పద్ధతి గనుక, కొట్టినంత మాత్రాన మానదు. వేసవిలో తాగునీరు చాలకపోతే మూత్రం చిక్కబడి వాసన ఇంకా పెరుగుతుంది. రెండు మూడు చోట్ల నీళ్లు పెట్టండి.

నమ్మదగిన పరిష్కారం వృషణాలను తొలగించే శస్త్రచికిత్స. దీని తరువాత 10 మగపిల్లులలో దాదాపు 9 చిమ్మడం మానేస్తాయి లేదా బాగా తగ్గిస్తాయి, అయితే మార్పు కనిపించడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. కోడెలకు విత్తులు నొక్కించినట్లు ఊరిలో ఎవరిచేతనో చేయించరాదు. మత్తు ఇచ్చి పశువైద్యుడే చేయవలసిన పని ఇది. ప్రొద్దుటూరులోని పశువైద్య కళాశాల మీకు దగ్గరే కనుక అక్కడ విచారించండి. ఎలుకల వేట మానేస్తుందన్నది అపోహ. వేట బుద్ధి ఈ హార్మోను మీద ఆధారపడదు. పైగా ఆడపిల్లుల కోసం ఊరు తిరగడం తగ్గి గది పట్టున ఎక్కువసేపు ఉంటుంది, నా దృష్టిలో అది మీకు లాభమే.

ఫినాయిల్ వాడకం మాత్రం వెంటనే ఆపండి. ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా వదిలించుకోలేదు, పాదాలకు అంటినదాన్ని నాకినా విషమవుతుంది. బ్లీచింగ్ పొడిని మూత్రం మీద చల్లితే హానికరమైన వాయువు వెలువడుతుంది. మరకను ముందు నీటితో, తరువాత ఎంజైములు గల బట్టల సబ్బు పొడి కలిపిన నీటితో కడిగి ఎండనివ్వండి. తడిసిన గోతాల్లోని కాయలను వేరు చేయండి. చెమ్మ వల్ల ఆస్పర్జిల్లస్ బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని తినడానికి గాని, పశువుల దాణాకు గాని వాడవద్దు. మిగిలిన మూటలను గోడకు ఎడంగా చెక్కబల్లల మీద పేర్చండి.

పిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్కచుక్కగా పోసినా, ఎర్రగా పోసినా, అసలు పోయకపోయినా అది ఈడు లక్షణం కాదు. మగపిల్లి మూత్రనాళం సన్నగా ఉండటం వల్ల అది పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అటువంటప్పుడు మరుసటి రోజు వరకు చూడకుండా వెంటనే పశువైద్యశాలకు తీసుకువెళ్లండి.