సినిమా సెట్లో జూనియర్ అసిస్టెంట్లను అంతలా ఎందుకు తిడతారు?

సెట్లో ప్రతి నిమిషానికీ ఖర్చు ఉంటుంది, జూనియర్‌కేమో ఎదురుచెప్పే బలం ఉండదు. అందుకే ఒత్తిడంతా అతని మీదే పడుతుంది. చాలామందికి ఉద్యోగం సినిమాకో ఒప్పందంగానే ఉంటుంది. తర్వాతి అవకాశం ఇప్పటి బాస్ చెప్పే మాట మీద ఆధారపడుతుంది కాబట్టి ఫిర్యాదు చేయడానికి జంకుతారు.

లైటింగ్ అయింది, నటులు నిలబడ్డారు. అప్పుడు తెలిసింది, పోయిన షాట్‌లో ఎడమచేతికున్న వాచీ ఇప్పుడు కుడిచేతికి ఉందని. షాట్‌కీ షాట్‌కీ ఇలాంటి తేడాలు రాకుండా కంటిన్యుటీ చూసే పెద్దలు వేరే ఉన్నా, అక్షింతలు మాత్రం పక్కన కాగితాలు పట్టుకున్న కుర్రాడికే!

తిట్లు తింటేనే పని వస్తుందనుకోవడం పొరపాటు. షాట్ అలా ఎందుకు పెట్టారో చెబితే పని వస్తుంది. బాస్ ఇంటికి సరుకులు మోయించడం శిక్షణ కాదు, వట్టి వెట్టిచాకిరీ. నెమ్మదిగా మాట్లాడుతూనే అనుకున్న టైముకు షూటింగ్ ముగించే దర్శకులూ ఉన్నారు.