పాప పై పెదవి ఎత్తి చూడమ్మా

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

పాపకు ఏడాది నిండిందనీ, ఇక రాత్రి నిద్రలో పాల సీసా మాన్పించి దంతవైద్యుడికి ఒకసారి చూపించాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ ఆలోచన నీ అంతట నీకే వచ్చినందుకు గర్వంగా ఉంది. కాని మొదటి నాలుగు రాత్రుల ఏడుపుకు నీ మనసు కరిగిపోతుందేమోనని గుబులుగానూ ఉంది, ఎందుకంటే నా మనసు అలాగే కరిగింది.

తోమడం గురించి నీకు పెద్దగా చెప్పనక్కర్లేదు. మెత్తని చిన్న బ్రష్‌తో రోజుకు రెండుసార్లు తోము. ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టు మూడేళ్ళ వరకు బియ్యపు గింజంత, ఆ తరువాత బఠాణీ గింజంత చాలు.

మీ అన్నయ్య సంగతి మాత్రం నీకు పూర్తిగా తెలియదు. రెండున్నరేళ్ళు వచ్చే వరకు వాడు సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోయేవాడు. నిద్రలో లాలాజలం తగ్గిపోతుందనీ, నోట్లో నిలిచిన పాలలోని చక్కెరను సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయనీ, కింది ముందు పళ్ళకు నాలుక అడ్డంగా ఉన్నా పై పళ్ళకు ఆ రక్షణ ఉండదనీ నాకు అప్పట్లో తెలియదు. ఒకరోజు స్నానం చేయిస్తుంటే పై పళ్ళ మీద, చిగుళ్ళ అంచు వెంబడి, సుద్దతో గీసినట్టు సన్నని తెల్లని గీత కనిపించింది. పాలు ఎండి అంటుకున్నాయనుకుని తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. ఊడిపోయే పాల పళ్ళే కదా అని వదిలేశాను. నిజానికి అది పన్ను పుచ్చడానికి తొలి గుర్తు. ఆనాడే సీసా మాన్పించి ఫ్లోరైడ్‌తో శ్రద్ధగా తోమి ఉంటే పన్ను మళ్ళీ గట్టిపడే అవకాశం ఉండేది. కొన్ని నెలలకు ఆ గీత గోధుమరంగుకు తిరిగింది, ఆపైన అంచులు పెచ్చులుగా రాలాయి.

నాలుగేళ్ళప్పుడు వెనక దవడ పన్ను కూడా పుచ్చి చెంప వాచిపోతే, దాన్ని తీయించక తప్పలేదు. పదేళ్ళు దాటేవరకు ఉండి, తన కింద పెరుగుతున్న శాశ్వత దంతానికి చోటు కాపాడవలసిన పన్ను అది. ఆరేళ్ళ వయసులో దాని వెనక మొలిచిన పెద్ద దవడ పన్ను ఆ ఖాళీలోకి జరిగింది. చోటు చాలని కొత్త పన్ను పక్కకు తిరిగి వచ్చింది. ఖాళీ పూడిపోకుండా చిన్న తీగ అమర్చవచ్చని ఎన్నో ఏళ్ళ తరువాత గాని మాకు తెలియలేదు. మీ అన్నయ్య నవ్వేటప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం నువ్వు చూసే ఉంటావు. సిగ్గరి అని మీరందరూ అనుకునేవారు. అది నా వల్ల వచ్చిన అలవాటమ్మా.

అందుకే చెబుతున్నాను, రాత్రి పాలు పాప మేలుకుని ఉండగానే ఒడిలో కూర్చోబెట్టుకుని పట్టు, ఆ తరువాత తోము, తోమాక మంచినీళ్ళు తప్ప మరేమీ నోట్లోకి వెళ్ళనివ్వకు. పాప తలను నీ ఒళ్ళో పెట్టుకుని వెల్లకిలా పడుకోబెడితే లోపలి పళ్ళు కూడా నీకు స్పష్టంగా కనిపిస్తాయి. తానే తోముకుంటానని మారాం చేస్తే బ్రష్ చేతికివ్వు, కాని ఏడెనిమిదేళ్ళ వరకు చివర్లో మరొకసారి తోమవలసిన చెయ్యి నీదే. ఆరేళ్ళకు వచ్చే ఆ దవడ పన్ను ఏ పన్నూ ఊడకుండానే వెనక మొలుస్తుంది కనుక చాలామంది దాన్ని పాల పన్నే అనుకుంటారు. అది శాశ్వత దంతం, నువ్వు అలా పొరబడకు.

ఇంకొక మాట, దీనికి నీ మీద కోపంగానే ఉంది. నీ నోట్లో పిప్పి పన్ను ఏడాదిగా అలాగే ఉందట, పైగా నువ్వు రుచి చూసిన చెంచాతోనే పాపకు తినిపిస్తున్నావట. పళ్ళను పుచ్చించే ఆ సూక్ష్మజీవులు తల్లి నోటి నుంచి కూడా బిడ్డకు చేరుతాయి. పాపను చూపించే రోజునే నీ పన్ను కూడా చూపించుకో. నొప్పిని దాచుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే, కాని ఇప్పుడు నీ ఆరోగ్యం నీ ఒక్కదానిదే కాదు తల్లీ.

రేపు పగటి వెలుతురులో పాప పై పెదవి ఎత్తి, ఆ తెల్లని గీత ఉందో లేదో చూసి నాకు చెప్పు. సీసా మాన్పించిన రాత్రి ఏడుపు భరించలేకపోతే, మళ్ళీ సీసా అందుకోబోయే ముందు నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా సరే, మేలుకునే ఉంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ