ఇటలీలో ఇటాలియన్ స్కూలు: ఊరి పేరు కంటే ముందు గంటలు లెక్కపెట్టండి

మూడు నెలలు ఇటలీలో ఉండి ఇటాలియన్‌లో సున్నా నుంచి బి2 దాకా (యూరప్ భాషా స్థాయిలైన ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2లలో నాలుగోది) రావాలి, ఫ్లోరెన్స్, సియెనా, పెరూజాల్లో ఎక్కడి స్కూలు మంచిది అని అడిగారు. ఊరి సంగతి తర్వాత చూద్దాం, ముందు గంటల లెక్క తేలాలి.

దాదాపు ప్రతి స్కూలూ "వారానికి 20 పాఠాలు" అనే రాస్తుంది. ఒక్కో పాఠం ఎంతసేపో మాత్రం వెతికి చూసుకోవాలి. ఒకచోట 45 నిమిషాలు, ఇంకోచోట 50, మరోచోట నిండుగా గంట. 45 అయితే వారానికి 15 గంటలు, 12 వారాలకు 180. గంట పాఠమైతే 240. పైకి రెండూ ఒకే కోర్సులా కనిపిస్తాయి, తేడా మాత్రం 60 గంటలు. అందుకే ఫీజును వారాలతో కాకుండా గంటలతో భాగించి పోల్చండి. చేరిక రుసుము, పుస్తకాల ఖర్చు చాలాచోట్ల విడిగా వేస్తారు. వాటినీ కలిపాకే భాగించండి.

240 గంటలున్నా సున్నా నుంచి బి2 రావడం కష్టం. బాగా కష్టపడితే బి1 దగ్గరికి చేరతారు, అది మంచి ఫలితమే. బి2 తప్పనిసరి అయితే ఏ1, ఏ2 ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో పూర్తిచేసి వెళ్ళండి. అంకెలు, ఆర్టికల్స్, వర్తమాన కాలం నేర్చుకోవడానికి ఇటలీలో ఒక నెల గది అద్దె కట్టడం దండగ. ఏ2తో దిగితే మొదటి రోజు నుంచే కూరగాయల అంగడి కూడా తరగతే. ఇంకో చిక్కు: చాలా స్కూళ్ళలో ప్రతి సోమవారం కొత్తవాళ్ళను చేర్చుకుంటారు గానీ, బొత్తిగా రానివాళ్ళకు మాత్రం నెలలో కొన్ని తేదీలే ఉంటాయి.

ప్రతి సోమవారం చేరికలకు మరో పర్యవసానం ఉంది. రెండు వారాలకని వచ్చి వెళ్ళేవాళ్ళతో తరగతి మారిపోతూ ఉంటుంది, చెప్పిందే మళ్ళీ చెప్పాల్సి వస్తుంది. మూడు నెలలు ఉండేవాళ్ళు నష్టపోయేది ఇక్కడే. మీ స్థాయిలో, మీరు వెళ్ళే నెలలో ఎంతమంది ఉంటారో, గరిష్ఠం ఎంతో అడగండి. తరగతిలో ఒక్కరో ఇద్దరో మిగిలితే ఏం చేస్తారో కూడా అడగండి. పాఠాల సంఖ్య తగ్గిస్తామనే షరతు చాలా స్కూళ్ళ నిబంధనల్లో ఉంటుంది, చలికాలంలో పై స్థాయిలవాళ్ళకు అది నిజంగానే తగులుతుంది. ఏప్రిల్ 25, మే 1, జూన్ 2, ఆగస్టు 15 సెలవులు. పోయిన పాఠాలు మళ్ళీ చెబుతారా లేదా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

వీసా విషయంలో ఒక్క వారం తేడా మొత్తం మార్చేస్తుంది. 90 రోజుల లోపు అయితే షెంగెన్ (చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే) స్వల్పకాలిక వీసా సరిపోతుంది. దిగిన రోజు, బయల్దేరిన రోజు కూడా ఆ 90లోకే వస్తాయి. 12 వారాలంటే 84 రోజులు, ముందూ వెనకా కలిపి ఆరు రోజులు మిగులుతాయి. 13 వారాలంటే 91, అంటే చదువుకోసం ఇచ్చే డి రకం జాతీయ వీసా కావాలి. ఆ వీసాతో వెళ్తే దిగిన 8 పనిదినాల్లో పోస్టాఫీసులో దరఖాస్తు కాగితాల కిట్ తీసుకుని పెర్మెస్సొ ది సొజ్జోర్నొకు, అంటే నివాస అనుమతికి, దరఖాస్తు చేయాలి. వీసా తిరస్కరిస్తే ఫీజులో ఎంత వెనక్కి ఇస్తారో డబ్బు పంపకముందే అడగండి.

ఇక ఊరు. ఫ్లోరెన్స్ నడిబొడ్డున మీరు ఇటాలియన్‌లో అడిగినా ఇంగ్లీషులోనే జవాబొస్తుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అది పెద్ద అడ్డంకి. పెరూజా, సియెనా రెండింటిలోనూ విదేశీయుల కోసమే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలున్నాయి. నేనైతే పెరూజాకే ఓటేస్తాను. చిన్న ఊరు, విదేశీ విద్యార్థులు అలవాటైన ఊరు, అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠ్యక్రమం ఒక వరసలో నడుస్తుంది. ప్రైవేటు స్కూళ్ళలోనైతే తరగతులు చిన్నవి, మాట్లాడే అవకాశం ఎక్కువ. సియెనాలో జులై 2, ఆగస్టు 16న పాలియో గుర్రప్పందాలు జరుగుతాయి, ఆ రోజుల చుట్టూ గది దొరకడం కష్టం. ఫ్లోరెన్స్, సియెనా ఉన్న టస్కనీ ప్రాంతంవాళ్ళు అచ్చుల మధ్య "క"ను "హ"లా పలుకుతారు, "లా కాసా" కాస్తా "లా హాసా" అవుతుంది. వినడానికి కొన్నాళ్ళు పడుతుంది, మీరు అనుకరించకండి.

స్థాయికి పత్రం ఇచ్చే పరీక్షల పేర్ల దగ్గర చాలామంది తడబడతారు. పెరూజా విశ్వవిద్యాలయానిది చెలి, సియెనాది చిల్స్. బి2 అంటే చెలిలో 3, చిల్స్‌లో మాత్రం దూయె, అంటే 2. చిల్స్ 2 రాయాల్సినవాళ్ళు చెలి 2 రాస్తే చేతికొచ్చేది బి1 పత్రమే.

స్కూల్లో చేరేటప్పుడు మీ స్థాయి నిర్ణయించే పరీక్షలో నోటితో మాట్లాడించే భాగం ఉందా అని తప్పక అడగండి. ఖాళీలు పూరించే పరీక్షలో మనవాళ్ళకు మంచి మార్కులొస్తాయి, తీరా తరగతిలో నోరు పెగలదు. నిజానికి ఉచ్చారణలో తెలుగు మాట్లాడేవాళ్ళకు చాలా కలిసొస్తుంది. "నోనొ" అంటే తొమ్మిదోది, "నొన్నొ" అంటే తాత. ఒత్తు తేడా మనకు పుట్టుకతో వచ్చిందే. "గ్రాత్సియె"లోని శబ్దం మన దంత్య "ౘ"కు దగ్గర. జాగ్రత్త పడాల్సింది "ట" విషయంలో: ఇంగ్లీషు అలవాటుతో "టుట్టొ" అనకండి, అది "తుత్తొ". బల్లకు, కుర్చీకి కూడా లింగం ఉండటం, "వెళ్ళాను"కు ఒక సహాయక క్రియ, "తిన్నాను"కు ఇంకొకటి రావడం, ఈ రెండూ మనకు సమయం తినేవి. వీటికోసం అదనంగా వారానికి ఒకటి రెండు పాఠాలు మీ ఒక్కరికే చెప్పించుకోవచ్చేమో కనుక్కోండి.

ఈ ప్రశ్నలన్నీ ఒకే మెయిల్‌లో నాలుగైదు స్కూళ్ళకు పంపండి. పాఠం ఎన్ని నిమిషాలు, తరగతిలో ఎంతమంది అన్నవాటికి అంకెల్లో జవాబు రాకపోతే ఇంకోసారి అడగండి. రెండోసారీ అంకెలు రాకపోతే ఆ స్కూలును జాబితాలోంచి తీసేయండి.