నూలు మిల్లుల్లో పనిచేసిన పిల్లల పాత ఫోటోలకు రంగులు వేయొచ్చా?

జూన్ 12న, బాలకార్మిక వ్యతిరేక దినం నాడు బడిలో పెట్టడానికి ఫోటోగ్రాఫర్ లూయిస్ హైన్ తీసిన అమెరికా మిల్లు పిల్లల ఫోటోలకు రంగులు వేయాలనుకుంటున్నానని మీరు రాశారు. అది తప్పవుతుందా, ఏ యాప్ బాగుంటుంది అని అడిగారు. తప్పు కాదు, వేయండి. నలుపు తెలుపుల్లో ఉంటే పిల్లలు అదెప్పటి సంగతో అనుకుని దాటిపోతారు. రంగు పడితే తమ ఈడు పిల్లే ఎదురుగా నిలబడి ఉంటుంది. యాప్ కంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. అది నాకు మా అమ్మ చెప్పింది.

ఆదోనిలో పాత ఫోటోలు బాగుచేయడం నా పని. మూడేళ్ల కిందట హైన్ ఫోటో ఒకటి, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక మిల్లులో నిండిన కండెలు తీసి ఖాళీవి పెట్టే కుర్రాళ్ళ గుంపుది, రంగులు వేయడానికి ఎంచుకున్నాను. అలవాటు ప్రకారం ముందు ఫోటోషాప్‌లో దుమ్ము చుక్కలు, గీతలు చెరిపే డస్ట్ అండ్ స్క్రాచెస్ ఫిల్టర్ నడిపి, తర్వాత రంగులు వేశాను. చక్కగా వచ్చిందనిపించి అమ్మకు చూపించాను. అమ్మ పన్నెండో ఏట మా ఊరి జిన్నింగు మిల్లులో పనికి చేరిన మనిషి. ఫోన్ దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసి, "వీళ్ల మీద దూది యాడ పోయిందిరా? ఇది మిల్లులో తీసిండేదేనా?" అంది.

అసలు ఫోటో మళ్లీ తెరిచి పెద్దది చేసి చూశాను. టోపీల మీద, భుజాల మీద, చొక్కా మడతల్లో తెల్లటి చుక్కలు. నేను గాజు పలక (ఆ రోజుల్లో ఫిల్ముకు బదులు వాడింది) మీది దుమ్మనుకుని తుడిచేసింది దూది నూగు. చిన్నప్పుడు అమ్మ సాయంత్రం గడప బయటే నిలబడి కొంగుతో తల దులుపుకునేది. అయినా కనుబొమల్లో, చెవుల వెనక నూగు మిగిలే ఉండేది. అది చూస్తూ పెరిగినవాణ్ణి, పోల్చుకోలేకపోయాను. ఆ నూగే ఊపిరితిత్తుల్లోకి పోయి, సెలవు తర్వాత మళ్లీ పనిలోకి వెళ్లిన రోజున గుండె పట్టేసినట్టుండే జబ్బు తెస్తుంది. అంటే ఆ ఫోటోలో అన్నిటికంటే ముఖ్యమైనదాన్నే నేను చెరిపేశాను.

హైన్ ఆ ఫోటోలు తీసింది సాక్ష్యం కోసం. 1908 నుంచి, పిల్లల చేత పని చేయించడాన్ని ఆపాలని పోరాడిన అమెరికా జాతీయ బాలకార్మిక కమిటీ తరఫున ఊరూరా తిరిగాడు. మిల్లులోకి రానివ్వరని బైబిళ్లు అమ్మేవాడినని, పోస్టుకార్డులు అమ్మేవాడినని చెప్పి లోపలికి వెళ్లేవాడు. తన కోటు గుండీలు నేల నుంచి ఎంతెత్తున ఉన్నాయో ముందే తెలుసు కాబట్టి, పక్కన నిలబడ్డ పిల్ల ఎత్తు వాటితోనే అంచనా వేసి జేబులో చెయ్యి పెట్టుకుని రాసుకునేవాడు. 1908 డిసెంబరులో సౌత్ కరోలినాలోని న్యూబెరీలో ఒక చిన్న పిల్లను ఫోటో తీస్తే, ఈమె ఊరికే ఇటు వచ్చిందంతే అన్నాడు మేస్త్రీ. ఊరికే వచ్చిన పిల్ల ఆగకుండా పని చేస్తూనే ఉందని హైన్ ఫోటో కింద రాసిపెట్టాడు. అలాంటి అబద్ధాలను ఎదుర్కోవడానికి ఆ ఫోటోలో ప్రతి మరకా పనికొచ్చేదే.

రంగుల విషయంలో కూడా ఇదే జాగ్రత్త. ఆ రోజుల్లో మామూలుగా వాడిన గాజు పలకలు ఎరుపును దాదాపు పట్టుకునేవి కావు, నీలాన్ని మాత్రం ఎక్కువగా పట్టుకునేవి. అందుకే ఎర్ర గౌను నల్లగానూ, లేత నీలం చొక్కా తెల్లగానూ పడతాయి. పెదాలు, చర్మం ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తాయి. ఆటోమేటిక్ యాప్‌లకు ఇది పట్టదు. బుగ్గలకు గులాబీ రంగు, ఒంటికి ఎండ మెరుపు పూసేస్తాయి. 1910లో వెర్మాంట్‌లోని నార్త్ పౌనల్ మిల్లులో తీసిన ఆడీ కార్డ్ అనే పిల్ల ఫోటో మీరు రంగులు వేయాలనుకున్న వాటిలో ఉంది కదా. ఆ పిల్ల రక్తం లేక పాలిపోయి ఉందని హైన్ స్వయంగా రాశాడు. 1998లో అమెరికా తపాలా బిళ్ల మీదికి ఎక్కిన ముఖం అది. దానికి బుగ్గలు ఎర్రగా పూస్తే ఆయన రాసిన మాటను మనం కొట్టేసినట్టే.

యాప్‌తో మొదలుపెట్టినా ఫరవాలేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో పెద్ద సైజు ఫైళ్లు ఉచితంగా దొరుకుతాయి, అవే తీసుకోండి. యాప్ ఇచ్చిన రంగును ఫోటోషాప్‌లో వేరే లేయర్‌గా (పై పొరగా) అసలు ఫోటో మీద పెట్టి, బ్లెండ్ మోడ్ (పొరలు కలిసే తీరు) కలర్‌కు మార్చి, ఒపాసిటీ (ఆ పొర గాఢత) సగానికి తగ్గించండి. నూగు ఉన్నచోట రంగు తుడిచి తెల్లగా వదిలేయండి. ముఖం నున్నగా చేసే ఆప్షన్ ముట్టుకోవద్దు. గౌను రంగు మీ ఊహే కాబట్టి ఆ సంగతి ఫోటో కిందే రాయండి. నలుపు తెలుపు ప్రతి కూడా పక్కనే, అదే సైజులో ఉండాలి.

ఇంకొకటి చేయగలిగితే బాగుంటుంది. సౌత్ కరోలినాలోని లాంకాస్టర్ మిల్లులో పనిచేసిన సేడీ ఫైఫర్ ఎత్తు 48 అంగుళాలని హైన్ రాశాడు. ఆమె ఫోటో తగిలించే గోడ మీద నేల నుంచి సరిగ్గా నాలుగడుగుల ఎత్తున సుద్దముక్కతో ఒక గీత గీయండి. మీ మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలు వాళ్లే వచ్చి దాని పక్కన నిలబడి చూసుకుంటారు.