బంధం తెగితే శక్తి వస్తుందా?

చిరంజీవికి ఆశీస్సులు.

రసాయన బంధాల మీద నువ్వు రాసిన వ్యాసం ఆసాంతం చదివాను. చదివించే గుణం ఉంది నీ వాక్యానికి. ఒక్క చోట మాత్రం ఆగిపోయాను. "ఏటీపీలో బంధం తెగగానే అందులో దాగిన శక్తి బయటికొస్తుంది" అని రాశావు. ఏటీపీ అంటే మన కణాలకు శక్తినందించే అణువు. చాలామంది ఇలాగే రాస్తారు, కాబట్టి నిన్నొక్కణ్ణే అనడం లేదు. కానీ అది మార్చి తీరాలి.

ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి పెట్టాల్సిందే. శక్తి వెలువడేది బంధం ఏర్పడేటప్పుడు. ఏటీపీలో మూడు ఫాస్ఫేట్లూ ఋణావేశంతో పక్కపక్కనే ఉండి ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటాయి. చివరిదాన్ని పట్టి ఉంచే బంధం అంత గట్టిది కాదు. నీటితో చర్య జరిగినప్పుడు అది తెగి, అంతకంటే స్థిరమైన కొత్త బంధాలు ఏర్పడతాయి. తెంచడానికైన ఖర్చు పోను మిగిలిందే కణానికి దక్కేది, ప్రామాణిక పరిస్థితుల్లో మోలుకు సుమారు 30 కిలోజౌళ్లు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీని గుర్తించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. ఈ సంగతి తప్పకుండా రాయి. ఆయన పేరున్న వ్యాసంలో ఆ అణువు గురించే తప్పు దొర్లితే నాకు మనసొప్పదు.

సమయోజనీయ బంధం, హైడ్రోజన్ బంధం రెండింటికీ నిర్వచనాలు ఇచ్చి వదిలేశావు. వాటి బలంలో తేడా చెప్పకపోతే జీవశాస్త్రం సగం అర్థం కాదు. నీటి అణువులో ఆక్సిజన్, హైడ్రోజన్ ఎలక్ట్రాన్లు పంచుకుని కట్టుకున్న బంధం తెంచాలంటే మోలుకు దాదాపు 460 కిలోజౌళ్లు కావాలి. పక్కపక్క నీటి అణువుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధానికి ఓ ఇరవై చాలు.

దీనికి ఉదాహరణగా కోవిడ్ రోజుల్లో అందరి నోటా నానిన పీసీఆర్ పరీక్షనే తీసుకో. అందులో డీఎన్ఏని 95 డిగ్రీల దాకా వేడి చేస్తారు. జతగా ఉన్న రెండు పోగులూ విడిపోతాయి, ఏ పోగుకా పోగు మాత్రం తెగకుండా నిలుస్తుంది. పోగు పొడవునా ఉన్నవి సమయోజనీయ బంధాలు. రెండు పోగుల మధ్య ఉన్నవి హైడ్రోజన్ బంధాలు, డీఎన్ఏ అక్షరాలైన ఏ, టీ, జీ, సీలలో ఏ-టీ జతకు రెండు, జీ-సీ జతకు మూడు. జీ-సీ జతలు ఎక్కువున్న డీఎన్ఏ విడిపోవడానికి ఇంకాస్త వేడి కావాలి. చల్లార్చగానే తగిన జత దొరికిన చోట మళ్లీ అతుక్కుంటాయి. విడిపోవడం తేలిక కాబట్టే మన కణం కూడా రోజూ ఆ పోగులు విప్పి చదువుకోగలుగుతోంది. ఈ పేరా ఎంత పెరిగినా ఫర్వాలేదు, టెన్షన్ పడకు.

వ్యతిరేక ఆవేశాలు ఒకదాన్నొకటి పట్టుకునే అయానిక బంధానికి అంత చోటు అక్కర్లేదు. ఉప్పు ఒంట్లోకి వెళ్లాక సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడివిడిగానే తిరుగుతుందని ఒక్క మాట చాలు.

బొమ్మలో నీటి అణువును తిన్నని గీతలా గీశావు. అది 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉండాలి. తిన్నగా ఉంటే ఆక్సిజన్ రెండు వైపులా లాగే లాగుడు ఒకదానికొకటి సరిపోయి, అణువుకు ధనపు కొస, ఋణపు కొస అంటూ ఉండవు. అప్పుడు ఉప్పు నీళ్లలో ఇంత తేలిగ్గా కరగదు. బొమ్మ మార్చి, వ్యాసంతో కలిపి పంపు.

ప్రేమతో,
మీ మాస్టారు