ఆవు, జింక, జిరాఫీల పూర్వీకులకు కొమ్ములు మొదటి నుంచీ ఉన్నాయా?

లేవు. నేను కొన్నాళ్లు ఒక మ్యూజియం ల్యాబ్‌లో వాలంటీరుగా రాళ్లలోంచి శిలాజాలు విడదీసే పని చేశాను. చేరిన కొత్తలో బొటనవేలంత ముక్క ఒకటి చేతికొస్తే, కోరపన్ను అనుకుని పళ్ల ట్రేలో పడేశాను. సీనియర్ ఒకాయన దాన్ని తీసి విరిగిన చివర చూపించారు. "పన్నయితే పైన నున్నటి ఎనామిల్ ఉండాలి. ఇదంతా ఎముకే, పైన నిలువు గాడులు చూడు" అన్నారు. అది కొమ్ము లోపలి ఎముక.

ఆవు, మేకల కొమ్ముల్లో పైకి కనిపించేది గోరులాంటి తొడుగు. సాధారణంగా అది కుళ్లిపోతుంది, రాయిలో ఎముకే మిగులుతుంది. కాబట్టి బతికున్నప్పుడు కొమ్ము ఎంత పొడవుండేదో కచ్చితంగా చెప్పలేం. జింకది వేరే సంగతి, దాని కొమ్ము మొత్తం ఎముకే, ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తుంది. తెలుగులో రెంటినీ కొమ్ములే అంటాం కాబట్టి గందరగోళం సహజం.

ఇన్నర్ మంగోలియాలో దొరికిన ఆర్కియోమెరిక్స్ సుమారు 4 కోట్ల ఏళ్ల నాటిది. నెమరువేసే జంతువుల్లో బాగా పాతది, దానిది బోడి తల. ఆ తర్వాత ఇంకో 2 కోట్ల ఏళ్లపాటు దాదాపు ఇదే పరిస్థితి. చాలా జాతుల్లో మగవాటికి పై కోరలే ఆయుధం, ఇప్పటి కస్తూరి మృగంలాగా. సామెతలో ముందొచ్చినవి చెవులు, ఇక్కడ కోరలు.

సుమారు 2 కోట్ల నుంచి 1.8 కోట్ల ఏళ్ల కిందట, మయోసీన్ అనే భూయుగం తొలి భాగంలో, పలు కుటుంబాల్లో కాస్త అటూ ఇటూగా ఒకే కాలంలో కొమ్ములు కనిపిస్తాయి. ఆవు కుటుంబంలో తొలి పేరు యోట్రాగస్. పొట్టి కొమ్ములు, వంపులూ మెలికలూ లేవు. యూరప్‌లోనూ, పాకిస్తాన్‌లోనూ దొరికింది. జింకల వైపు ప్రోసెర్వులస్. వీటికంటే కొంచెం తర్వాతిదైన జెనోకెరిక్స్ అంటే నాకు మరీ ఇష్టం. స్పెయిన్‌లో దొరికింది, 2015లో పేరు పెట్టారు. కళ్ల మీద రెండు కొమ్ములు, తల వెనక 'టీ' అక్షరంలా ఇంకొకటి!

ఒక్క మెలిక ఉంది. పైన కస్తూరి మృగాన్ని పాత పద్ధతికి ఉదాహరణగా చెప్పాను కదా. 2019లో వచ్చిన జన్యు పరిశోధనలో, కొమ్ములకు సంబంధించిన ఒక జన్యువు దానిలో చెడిపోయి ఉందని తేలింది. అంటే దాని పూర్వీకులకు కొమ్ములుండి, తర్వాత పోయి ఉండొచ్చు. దాంతో కొమ్ములు ఒక్కసారే పుట్టాయా, కుటుంబానికోసారి పుట్టాయా అన్న వాదన మళ్లీ వేడెక్కింది.