సిగరెట్టుకు ప్రయోజనం ఉంటుందా?

సందేహం: మా అమ్మాయి ఇంటర్మీడియట్ అర్థశాస్త్రం చదువుతోంది. కోరికను తీర్చే శక్తి పేరు ‘ప్రయోజనం’ అనీ, ఆ లెక్కన సిగరెట్టుకూ ప్రయోజనం ఉందనీ పాఠం. ఆరోగ్యాన్ని చెరిచేదానికి ప్రయోజనం ఏమిటి? ఇది తప్పు అనువాదం కాదా? వినియోగదారుడి ప్రాధాన్యతను చెప్పే గీతకు ‘ఉదాసీనతా వక్రరేఖ’ అనే పేరెందుకు? – ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: అనువాదం తప్పు కాదండీ. ‘ప్రయోజనం’ అనగానే నేడు మనకు మేలు, లాభం తోస్తాయి. ఆ మాట అసలు అర్థం అంతకంటే విశాలం. ‘యుజ్’ ధాతువుకు ‘ప్ర’ చేరి ఏర్పడిన ఈ పదాన్ని గౌతముని న్యాయసూత్రాలు ‘యమర్థమధికృత్య ప్రవర్తతే తత్ ప్రయోజనమ్’ అని నిర్వచించాయి. దేన్ని ఉద్దేశించి మనిషి పనికి పూనుకుంటాడో అది ప్రయోజనం. అది మంచిదా, చెడ్డదా అన్న తీర్పు అందులో లేదు. ఆర్థికవేత్తలకు కావలసిందీ సరిగ్గా ఇదే. డబ్బిచ్చి సిగరెట్టు కొన్నవాడికి ఒక కోరిక తీరుతోంది. వారు లెక్కించేది దాన్నే. హాని సంగతి వేరు. ఇంత చక్కగా అమరిన పారిభాషిక పదాలు మనకు తక్కువ.

మీకు కలిగిన ఇబ్బంది పాశ్చాత్యులకూ కలిగింది. ప్రయోజనానికి ఇంగ్లీషు మాట ‘యుటిలిటీ’ అన్నా ‘పనికివచ్చేది’ అనే తోస్తుంది. అందుకని ఆర్థికవేత్త విల్ఫ్రెడో పరేటో 1896లో గ్రీకు నుంచి ‘ఒఫెలిమిటీ’ అనే మాట తెచ్చాడు. ఆ గ్రీకు మూలానికీ ‘మేలు చేసేది’ అనే అర్థం. ఆ మాట నిలవలేదు.

నా అభ్యంతరం ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రం’ మీద. తొలి మామిడిపండు ఇచ్చిన తృప్తి రెండోది ఇవ్వదు, నాలుగోదానికి చెయ్యి వెనకాడుతుంది. అదనంగా తినే ఒక్కో పండూ ఇచ్చే తృప్తి, అంటే ఉపాంత ప్రయోజనం, తగ్గుతూ పోతుందన్నది సూత్రం. కానీ ‘క్షీణం’ అంటే తగ్గిపోయినది. తగ్గుతూ ఉన్నది ‘క్షీయమాణం’. అంత బరువు పిల్లల మీద వేయనక్కరలేదు. ‘తగ్గుతూ పోయే ఉపాంత ప్రయోజనం’ అంటే చాలు.

ఇక ఉదాసీనత. ఉత్ + ఆసీనుడు, ఎడంగా కూర్చున్నవాడు. భగవద్గీత ఆరో అధ్యాయంలోని ‘ఉదాసీన’ శబ్దానికి ఎవరి పక్షమూ వహించనివాడని శంకరుల వ్యాఖ్య. నాలుగు జామకాయలు, రెండు అరటిపండ్లు ఉన్న సంచీ అయినా, రెండు జామకాయలు, అయిదు అరటిపండ్లు ఉన్న సంచీ అయినా తనకు ఒకటే అనేవాడు ఆ రెండు సంచుల పట్ల ఉదాసీనుడు. అలాంటి సంచులన్నిటినీ కలిపితే వచ్చేది ఆ గీత. తృప్తిని అంకెల్లో కొలవకుండానే, ఏది ఎక్కువ ఇష్టమో చెప్పగలిగితే చాలునని 1934లో ఆర్థికవేత్తలు హిక్స్, ఆలెన్ చూపారు.

ఇష్టానికి హద్దు గీసేది బడ్జెట్ రేఖ. చేతిలో 100 రూపాయలు, జామకాయ 10, అరటిపండు 5 అయితే పది జామకాయలో, ఇరవై అరటిపండ్లో, రెండూ కొన్ని కొన్నో వస్తాయి. ఆ రేఖ అందుకోగల ఉదాసీనతా గీతల్లో అన్నిటికంటే పైదాన్ని, అంటే ఎక్కువ తృప్తినిచ్చేదాన్ని, తాకిన చోట కొనుగోలుదారు ఆగుతాడు.

వాడుకలో ఉదాసీనత నిర్లక్ష్యంగా మారింది కనుక ‘సమతృప్తి రేఖ’ అనడం నాకిష్టం. పరీక్షలో మాత్రం పాఠంలోని మాటే రాయమనండి.

మరొకటి. ‘ప్రధాన’ నుంచి ‘ప్రాధాన్యం’ వచ్చింది. దాని మీద మళ్లీ ‘త’ అక్కరలేదు. ‘ప్రాధాన్యత’ అని రాయకండి.